టీ గ్లాసు చేతికి రాగానే సిగరెట్ గుర్తొస్తోందా? మానడం ఎలాగో వరసగా

గుంటూరు కొత్తపేటలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ని. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి, గుండె పరీక్ష చేయించుకుని, డాక్టరు చేత నాలుగు చీవాట్లు తిని సరాసరి మా దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. "సిగరెట్ మానడానికి ఏమన్నా ఉందా అన్నా?" అంటారు. నికోటిన్ గమ్ ఇస్తాం, తీసుకెళతారు. కొన్నాళ్లకు వాళ్లే వచ్చి, "అంతా బానే ఉంటోంది గానీ టీ తాగేటప్పుడు మాత్రం ఆగలేకపోతున్నా" అంటారు. ప్రతి ఒక్కరికీ కౌంటర్ మీద నిలబడి చెప్పేంత టైము ఉండదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

పొగాకు బోర్డు ఆఫీసు ఉన్న ఊరు మనది. పొగాకు ఏం చేస్తుందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పెట్టె మీద బొమ్మ చూస్తూనే అగ్గిపుల్ల గీస్తున్నారంటే తెలియక కాదు కదా. కాబట్టి క్యాన్సర్ పాఠం ఇందులో ఉండదు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఇది సిగరెట్, బీడీ వాళ్ల కోసం. మందు (మద్యం) అలవాటుకి దీన్ని వాడొద్దు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడంతో మొదలై ఫిట్స్ దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మందు మానాలనుకుంటే డాక్టరు దగ్గరే మానాలి.

ఎందుకు ఆగలేకపోతున్నారు: క్లుప్తంగా

దమ్ము లాగాక నికోటిన్ మెదడుకి చేరడానికి 10 నుంచి 20 సెకన్లు పడుతుంది. అక్కడ డోపమైన్ విడుదలవుతుంది. దీన్ని చాలామంది "ఆనందం రసాయనం" అంటారు గానీ, అది ముఖ్యంగా చేసే పని నేర్పించడం. "ఇప్పుడు చేసింది బాగుంది, మళ్లీ చెయ్యి" అని గుర్తు వేస్తుంది. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక మెదడులో సన్నటి తీగ పెట్టి, మీట నొక్కితే అక్కడ కొద్దిగా కరెంటు తగిలేలా చేశారు. ఎలుక ఆ మీటని నొక్కుతూనే ఉండిపోయింది.

మన టీ గ్లాసు సంగతి తెలియాలంటే ఇంకో ప్రయోగం చూడాలి. 1990లలో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద పనిచేశారు. ముందు లైటు వెలుగుతుంది, తర్వాత నోట్లో పళ్లరసం చుక్క పడుతుంది. ఇది అలవాటయ్యాక డోపమైన్ కణాలు రసానికి స్పందించడం మానేసి, లైటుకే స్పందించడం మొదలుపెట్టాయి. లైటు వెలిగాక రసం రాకపోతే, రావాల్సిన క్షణంలో ఉన్న స్థాయి కంటే కిందికి పడిపోయాయి. మీకు ఆ లైటు టీ గ్లాసు. సిగరెట్ లేకుండా టీ తాగుతుంటే ఏదో వెలితిగా, చిరాగ్గా ఉంటుందే, ఆ పడిపోవడం అదే.

రోజుకు 10 సిగరెట్లు, ఒక్కోదానికి 10 దమ్ములు అనుకున్నా ఏడాదికి 36,500 సార్లు ఈ పాఠం చెప్పించుకుంటున్నారు. ప్రతిసారీ ఫలితం సెకన్లలో చేతికొస్తోంది. జబ్బు భయం మాత్రం ఎప్పుడో ఇరవై ఏళ్ల తర్వాతి మాట. ఈ పోటీలో సెకన్లదే గెలుపు. అందుకే ఒట్లు, శపథాలు, ఇంట్లోవాళ్ల తిట్లు పనిచేయవు. సిగరెట్ వచ్చే సందర్భాన్ని కదిలించాలి, దాని బదులు వచ్చేది కూడా సెకన్లలోనే అందాలి. కింద రాసిందంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ఏమేం కావాలి

- జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకున్నా సరే.
- బయటికి కనిపించే గాజు సీసా. ఖాళీ పచ్చడి సీసా చాలు. మట్టి హుండీ వద్దు, లోపల ఎంత పడిందో కనపడదు.
- పది, ఇరవై రూపాయల నోట్లు, మీ రోజువారీ సిగరెట్ ఖర్చుకి సరిపడా.
- నోట్లో వేసుకోవడానికి లవంగాలు, యాలకులు, సోంపు, ఎండు ఉసిరి ముక్కలు. ఏదైనా ఒకటి చాలు. వక్కపొడి మాత్రం వద్దు, దాని అలవాటు దానికి ఉంది.
- రోజూ లెక్క చెప్పుకోవడానికి ఒక మనిషి. భార్య, తమ్ముడు, స్నేహితుడు ఎవరైనా. సిగరెట్ తాగేవాడు మాత్రం కాకూడదు.
- అవసరమైతే నికోటిన్ గమ్. ఎవరికి అవసరమో 6వ అంచెలో చెబుతాను.

1. మొదటి వారం మానకండి, రాయండి

ఎప్పటిలాగే తాగండి. కాకపోతే ప్రతి సిగరెట్ వెలిగించే ముందు ఒక లైను రాయండి: టైము, చోటు, పక్కన ఎవరు, దానికి ముందు ఏం జరిగింది, ఎంత గట్టిగా కావాలనిపించింది (0 నుంచి 10). గుంటూరు నుంచి రోజూ విజయవాడ ఆఫీసుకి వెళ్లొచ్చే ఒకాయన చీటీ ఇలా ఉంది:

ఉదయం 6:10, మేడ మీద, ఒక్కణ్నే, లేవగానే, 9
8:40, బస్సు దిగి, ఒక్కణ్నే, ఊరికే, 4
11:15, ఆఫీసు కింద టీ కొట్టు, ఇద్దరు కొలీగ్స్, టీ చేతికి రాగానే, 8
2:00, అక్కడే, భోంచేశాక, 7
5:30, ఆఫీసు మెట్ల దగ్గర, ఫోన్లో మాట పడ్డాక, 8
రాత్రి 10:00, మేడ మీద, ఫోను చూస్తూ, 3

ఈ చీటీలో నాకు ముఖ్యంగా కనిపించింది ఆదివారం. తెనాలిలో అత్తగారింటికి వెళ్లిన ఆ రోజు పొద్దున ఒకటి తప్ప ఏమీ లేవు. ఆయనకి ఆ రోజు యావ కూడా లేదట. ఒంట్లో నికోటిన్ తగ్గిపోయి తాగేవి ఏవో, సందర్భం చూసి తాగేవి ఏవో ఈ చీటీ విడదీస్తుంది. లేవగానే తాగేది మొదటి రకం. టీ, భోజనం, ఫోన్ తర్వాతవి ఎక్కువగా రెండో రకం. రెండిటికీ మందు వేరు.

*పొరపాటు:* రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయడం. 3 మార్కులవి అసలు గుర్తుండవు, వాటినే కదా ముందు తీసేయాల్సింది.
*సరిచూసుకోండి:* వారం అయ్యాక చీటీలో మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు మూడో నాలుగో తేలాలి. తేలకపోతే ఇంకో మూడు రోజులు రాయండి.

2. తేదీ పెట్టుకోండి, ఆ రోజు పూర్తిగా ఆపండి

"రోజుకొకటి తగ్గించుకుంటూ వస్తా" అనేవాళ్లే ఎక్కువ. బ్రిటన్‌లో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో ఒక్కసారిగా ఆపినవాళ్లలో 49 శాతం మంది నాలుగు వారాల తర్వాత సిగరెట్ లేకుండా ఉన్నారు. తగ్గించుకుంటూ వచ్చినవాళ్లలో 39 శాతం. తగ్గించే పద్ధతిలో తిప్పలేమిటంటే, రోజుకు మూడే తాగినప్పుడు ఆ మూడూ మరీ రుచిగా ఉంటాయి.

ఒక్కసారిగా ఆపడం ససేమిరా కుదరదంటే, రెండు వారాల్లో ఆపే తేదీ రాసిపెట్టుకుని, ఈలోగా చీటీలో 5 మార్కుల లోపు వాటిని ముందు తీసేయండి.

తేదీ దసరాకో పెళ్లికో ముందు రోజు కాకుండా చూసుకోండి. ముందు రోజు రాత్రి ఇంట్లో, బండి డిక్కీలో, ఆఫీసు డ్రాయర్లో ఉన్న పెట్టెలు, లైటర్లు అన్నీ తీసేయండి. "అత్యవసరానికి ఒకటి" దాచుకుంటే ఆ అత్యవసరం మూడో రోజే వస్తుంది.

*వద్దు:* "లైట్" సిగరెట్‌కి మారడం. తెలియకుండానే గట్టిగా, లోతుగా పీలుస్తారు, లెక్క మళ్లీ అక్కడికే వస్తుంది. ఈ-సిగరెట్ మన దేశంలో 2019 నుంచి నిషేధం, ఎవరైనా చాటుగా ఇచ్చినా తీసుకోకండి. ఖైనీకి మారడమంటే నికోటిన్‌ని ఇంకో దారిలో తెచ్చుకోవడమే.

3. చోటు మార్చండి

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే. నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది.

వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి బానిసలైన అమెరికా సైనికులు చాలామంది ఉండేవారు. వాళ్లు ఇంటికొచ్చాక ఏమయ్యారో 1970లలో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంటపడి చూశారు. ఎక్కువమంది తిరిగి బానిసలు కాలేదు. ఆ అడవి, ఆ క్యాంపు, ఆ తోటివాళ్లు ఇంటి దగ్గర లేరు.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. మాల వేసుకున్నవాళ్లని చూడండి. అయ్యప్ప మాలో భవానీ మాలో వేసుకుంటే రోజుకు రెండు పెట్టెలు కాల్చేవాడు కూడా దీక్ష అయ్యేదాకా ముట్టుకోడు. భక్తి ఉంది, కాదనను. దాంతోపాటు బట్టల రంగు మారింది, లేచే టైము మారింది, మేడ మీద సిగరెట్ టైములో చన్నీళ్ల స్నానం వచ్చింది, అందరూ "స్వామీ" అని పిలుస్తున్నారు. బడ్డీ కొట్టువాడు కూడా "స్వామీ, మీకెందుకండీ" అంటాడు. సందర్భాలన్నీ ఒక్క దెబ్బకి మారిపోయాయి, పైగా ప్రతి పిలుపూ ఒక చిన్న బహుమతి. మాల తీసిన రోజు అవన్నీ ఒకేసారి వెనక్కి వస్తాయి. 41 రోజులు ఉండగలిగినవాడు ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఉండలేడు. మనసు బలహీనపడిందని తిట్టుకుంటాడు గానీ, టీ కొట్టు అనే లైటు అన్నాళ్లూ ఆర్పకుండా అలాగే ఉంది.

కాబట్టి మాల వేసుకునేవాళ్లకి ఒక మాట. దీక్షను మానడానికి వాడుకోండి, తప్పేం లేదు. కానీ మీ అసలు "మానే తేదీ" మాల తీసే రోజని రాసుకోండి. 5, 6 అంచెల్లో చెప్పే సీసా, చీటీలు, గమ్ అన్నీ ఆ రోజుకి సిద్ధంగా ఉండాలి.

మిగతావాళ్లు చేయాల్సింది:

- మొదటి మూడు వారాలు పాత టీ కొట్టుకి వెళ్లకండి. టీ మానక్కర్లేదు. బ్రాడీపేటలో లైనుకొక టీ కొట్టు ఉంది, వేరే లైనుకి నడవండి. పక్కన సిగరెట్లు అమ్మని చోటు అయితే మరీ మంచిది.
- కుదిరితే కూర్చుని తాగే టీ నిలబడి, నిలబడి తాగేది కూర్చుని తాగండి. గ్లాసు బదులు కప్పు. పిచ్చిగా అనిపించొచ్చు, కానీ లైటుని ఎంత మారిస్తే అంత మంచిది.
- లేవగానే మేడ ఎక్కే అలవాటు ఉంటే, లేచిన వెంటనే స్నానానికి వెళ్లండి.
- భోజనం కాగానే కుర్చీలోంచి లేచి పళ్లు తోముకోండి.
- టీ బ్యాచ్‌కి ముందే చెప్పండి: "నెల రోజులు నన్ను పిలవొద్దురా." చెప్పకపోతే సరదాకి ఒకటి చేతిలో పెడతారు.

టీ గురించి తెలియాల్సింది ఒకటుంది. పొగలో ఉండే కొన్ని పదార్థాల వల్ల సిగరెట్ తాగేవాళ్ల లివర్ కెఫీన్‌ని తొందరగా కరిగించేస్తుంది. సిగరెట్ ఆపగానే ఆ వేగం తగ్గి, అదే నాలుగు టీలు ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తే "సిగరెట్ లేక ఇలా అయింది" అనుకుని మళ్లీ వెలిగిస్తారు. మానిన రోజు నుంచి టీ, కాఫీ సగానికి తగ్గించండి. నాలుగు తాగేవాళ్లు రెండు. లేదా నాలుగూ సగం గ్లాసే.

4. ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టండి, వెంటనే అందేది

సాయంత్రం వాకింగ్ మంచిదే. కానీ 11:15కి వచ్చిన యావకి సాయంత్రం వాకింగ్ జవాబు కాదు. ఆ నిమిషంలో చేతికందేది కావాలి.

చీటీ తీసి, ఆ సిగరెట్ మీకు అసలు ఏమిచ్చిందో చూడండి. నోటికి పని అయితే లవంగం. చేతికి పని అయితే పెన్నో తాళాలో. పైన చెప్పిన ఆఫీసాయనకి 11:15 సిగరెట్ ఇచ్చింది సీట్లోంచి లేచే అవకాశం. టీ, సిగరెట్ రెండూ దానికి వంకలే. ఆయన లవంగాలు ఎన్ని నమిలినా లాభం ఉండదు. ఆ టైముకి మెట్లు దిగి బయట ఒక చుట్టు తిరిగి రావాలి. 5:30ది కోపం. దానికి చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని, ఎవరికన్నా ఫోన్ చేసి రెండు నిమిషాలు వాగడం బాగా పనిచేస్తుంది.

*పొరపాటు:* అన్ని సిగరెట్లకీ ఒకటే మందు, అదీ చాక్లెట్టో మిక్చరో. ఆకలి ఎలాగూ పెరుగుతుంది, దాంతో బరువు పెరిగి ఆ వంకతో మళ్లీ మొదలుపెడతారు.

5. బహుమతి లెక్క: సీసా, చీటీలు

మొదటి రెండు వారాలు: చీటీలో ఉన్న ప్రతి సందర్భం దాటగానే, అక్కడికక్కడే ఒక నోటు విడిగా ఒక జేబులో పెట్టుకోండి. ఇంటికెళ్లగానే అవన్నీ అందరి ఎదుటా సీసాలో వేయండి. ఇంట్లో ఉంటే నేరుగా సీసాలోకే. ఒక్కోటి 20 రూపాయలు, రోజుకు ఎనిమిది అనుకుంటే 160. నెలకి 4,800. నెలాఖరు మొత్తం ముఖ్యం కాదు, నోటు మడిచి పెట్టే ఆ క్షణం ముఖ్యం. ప్రతిసారీ, తప్పకుండా, వెంటనే. కొత్త అలవాటు నాటుకునేటప్పుడు ఈ మూడూ ఉండాలి.

వారానికోసారి ఆ డబ్బుతో ఏదో ఒకటి కొనండి. "ఏడాది దాచి బండి కొంటా" అంటే మీ మెదడు వినదు. ఆదివారం బిర్యానీ, పిల్లకి గౌను, మీకు మంచి చెప్పులు. మందు పార్టీ మాత్రం కాకూడదు. మందు పడ్డ చోట సిగరెట్ ఆపడం చాలా కష్టం.

మూడో వారం నుంచి నోట్ల ఆట బోరు కొడుతుంది. అప్పుడు లక్కీ డ్రా చీటీలకి మారండి. ఇరవై చీటీలు మడిచి డబ్బాలో వేయండి. పది చీటీల మీద "శభాష్" అని మాత్రమే. తొమ్మిదింటి మీద చిన్నవి: 50 రూపాయలు, గంటసేపు క్రికెట్ చూడ్డానికి అనుమతి, అలాంటివి. ఒకదాని మీద పెద్దది. ఆ రోజు మొత్తం సిగరెట్ లేకుండా గడిస్తే రాత్రి ఒక చీటీ తీయాలి. డబ్బా ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. అమెరికాలో మత్తు చికిత్స కేంద్రాల్లో గాజు గిన్నెలో చీటీలు వేసి అచ్చం ఇలాగే చేస్తారు, అందులోనూ సగం చీటీల్లో మెచ్చుకోలు మాటే ఉంటుంది. ఏం వస్తుందో తెలియని బహుమతి మనిషిని ఎక్కువకాలం పట్టి ఉంచుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ఎప్పుడో చూపించారు. ఆన్‌లైన్ రమ్మీ వాళ్లు దాన్ని జనం జేబులు ఖాళీ చేయడానికి వాడారు, మనం దీనికి వాడుకుందాం.

*ఇంకో పద్ధతి:* మొండివాళ్లకి పందెం. కొంత డబ్బు నమ్మకమైన మనిషి చేతిలో పెట్టి, ఆరు నెలలకి మానకపోతే అది ఏదైనా ధర్మానికి వెళ్లిపోయేలా మాట తీసుకోవడం. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ద్వారా ఇలాగే మూత్ర పరీక్ష పెట్టి మరీ చేశారు. ఆ అవకాశం ఇచ్చినవాళ్లలో మానినవాళ్లు మిగతావాళ్లకంటే నూటికి ముగ్గురు చొప్పున ఎక్కువ తేలారు. చిన్న తేడానే, కానీ ఏడాదికి చూసినా అది నిలిచింది.

"మా ఆయన చేత ఎలా మాన్పించాలి" అని అడిగే అక్కలకి: చొక్కా వాసన చూడటం ఆపేయండి. పట్టుబడితే శిక్ష అని తెలిసిన మనిషి పట్టుబడకుండా తాగడం నేర్చుకుంటాడు. సాయంత్రం ఇంటికి రాగానే "ఇవాళ ఎన్ని నోట్లు?" అని అడగండి. ఎన్ని చెప్తే అన్నిటికీ సంతోషించండి. అబద్ధం చెప్తున్నాడని అనిపించినా మొదటి రెండు వారాలు ఊరుకోండి.

6. గమ్ ఎవరికి, ఎలా

లేచిన అరగంటలోపు సిగరెట్ కావాల్సి వస్తే మీకు గమ్ అవసరమయ్యే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లకి 4 మిల్లీగ్రాములది, దానికి డాక్టరు చీటీ ఉండాలి. అరగంట దాటాక తాగేవాళ్లకి 2 మిల్లీగ్రాములది.

ఇక వాడే పద్ధతి. "అన్నా, ఇది కారంగా ఉంది, గొంతు మండుతోంది, వెక్కిళ్లు వస్తున్నాయి, వెనక్కి తీసుకుంటావా" అని వారానికి ఒకరైనా వస్తారు. మామూలు చూయింగ్ గమ్‌లా టకటకా నమిలితే అలాగే ఉంటుంది.

- నెమ్మదిగా కొరకండి. నోట్లో మిరియపు ఘాటు తగలగానే ఆపండి.
- గమ్‌ని బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయండి. నికోటిన్ అక్కడి నుంచే ఎక్కాలి, మింగితే వృథా.
- ఘాటు తగ్గాక మళ్లీ రెండుమూడు సార్లు కొరికి, రెండో వైపు పెట్టండి. ఇలా అరగంట.
- గమ్‌కి 15 నిమిషాల ముందు నుంచి, గమ్ ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. నికోటిన్ ఎక్కదు.

ఇక్కడే మన టీ బ్యాచ్ దెబ్బతింటుంది. టీ తాగుతూ గమ్ నమిలి "పనిచేయలేదు" అంటారు. 11:15కి టీ అయితే 10:30కి గమ్ మొదలుపెట్టండి. టీ వేళకి నికోటిన్ ఒంట్లో ఉంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది.

మొదట్లో గంటకో రెండు గంటలకో ఒకటి పడుతుంది. రోజుకు 24 దాటకూడదు. మూడు నెలల్లో మెల్లగా తగ్గించి ఆపాలి. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా వాడొద్దు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి. అవి డాక్టరు రాస్తేనే ఇస్తాం, కౌంటర్ దగ్గర బతిమాలొద్దు.

ఆస్తమాకి థియోఫిలిన్, మానసిక సమస్యలకి క్లోజాపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లు మానే ముందే తమ డాక్టరుకి చెప్పాలి. కెఫీన్ లాగే ఈ మందులు కూడా సిగరెట్ ఆపాక రక్తంలో పెరుగుతాయి, డోసు మార్చాల్సి రావచ్చు.

7. మొదటి వారం, ఆపైన "ఒక్క దమ్మే"

రెండో మూడో రోజు బాగా గట్టిగా ఉంటుంది. చిరాకు, ఆకలి, మలబద్ధకం, నిద్ర చెదరడం, అన్నీ మామూలే. రెండు నుంచి నాలుగు వారాల్లో ఎక్కువభాగం సర్దుకుంటాయి. ఒక్కో యావ మాత్రం కొద్ది నిమిషాలే. వాచీ చూస్తూ నిలబడండి.

ఒక్కోసారి వారం బాగా గడిచి, హఠాత్తుగా పిచ్చెక్కినట్టు కావాలనిపిస్తుంది. లిఫ్ట్ రాకపోతే బటన్ ఇంకా గట్టిగా, పదిసార్లు నొక్కుతాం చూడండి, అదీ సంగతి. రావాల్సింది రానప్పుడు పాత అలవాటు చివరగా ఒకసారి విజృంభిస్తుంది. అప్పుడు ఇచ్చారో, గట్టిగా అడిగితే దొరుకుతుందని నేర్పినట్టే. శనివారం పార్టీలో మాత్రమే అనే ఒప్పందం ఇంకా చెడ్డది. అప్పుడప్పుడు, ఎప్పుడో తెలియకుండా దొరికేదాన్ని మెదడు అన్నిటికంటే ఆలస్యంగా వదులుతుంది. 5వ అంచెలో చీటీలు పనిచేసింది ఇందుకే, ఇక్కడ కొంప ముంచేదీ ఇదే.

జారితే? మిగిలిన సగం నలిపి పారేయండి. పెట్టె కొనుంటే పెట్టె కూడా. చీటీలో లైను రాయండి. తర్వాతి సందర్భానికి నోటు మామూలుగానే పెట్టుకోండి, వారం నోట్లన్నీ వెనక్కి తీసేసి శిక్ష వేసుకోకండి. అదే చోట రెండుసార్లు జారితే 3వ అంచెకి వెళ్లి ఆ చోటు మార్చండి.

8. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

- చీటీ మార్కులు. మూడో వారంలో పాత 8లు 4, 5కి రావాలి. రాకపోతే గమ్ చాలడం లేదు, లేదా ఆ సందర్భం మారలేదు.
- పాత టీ కొట్టు పరీక్ష. మూడు వారాలయ్యాక, జేబులో డబ్బులు లేకుండా, సిగరెట్ తాగని మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి ఒక టీ తాగి రండి. యావ వచ్చి పోతే చాలు, అసలు రాకూడదని ఏం లేదు. ఇంట్లో మానినంత మాత్రాన టీ కొట్టు దగ్గర మానినట్టు కాదు, ప్రతి చోటూ విడిగా దాటాలి.
- ల్యాబ్ పరీక్ష. పందెం కట్టినవాళ్లకి కోటినిన్ (నికోటిన్ ఒంట్లో విరిగితే వచ్చే పదార్థం) పరీక్ష ఉంది. గమ్ వాడుతుంటే అది ఎలాగూ పాజిటివ్ వస్తుంది. అలాంటప్పుడు ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ చూసే పరీక్ష సరైనది.
- దగ్గుని నమ్మకండి. మానిన కొత్తలో కొందరికి దగ్గు పెరుగుతుంది. ఊపిరితిత్తులు శుభ్రపడటంలో భాగం అది. నెల దాటినా ఉన్నా, రక్తం పడినా ఆగకుండా డాక్టరుకి చూపించండి.

"21 రోజులైంది, ఇక అయిపోయినట్టేనా?" అని అడుగుతారు. లండన్‌లో కొత్త అలవాట్ల మీద చేసిన పరిశోధనలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 దాకా లెక్క వచ్చింది. సీసా మూడు నెలలు ఉంచండి. ఆ తర్వాత కూడా మొదటి పెళ్లి, మొదటి రాత్రి ప్రయాణం, మొదటి పెద్ద గొడవ వచ్చినప్పుడు లవంగాల డబ్బీ జేబులో ఉండాలి. ఎవరితోనైనా మాట్లాడాలంటే సిగరెట్ పెట్టె మీదే ఉన్న 1800-11-2356 నంబరుకి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. మానాక దిగులు ఎక్కువై బతకాలనిపించకపోతే అది "అలవాటు తప్పడం" అని సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన 14416 (టెలీ మానస్) నంబరుకి ఫోన్ చేయండి, డాక్టరుని కలవండి.

ఖైనీ, గుట్కా వాళ్లు అడుగుతున్నారు కాబట్టి

అంచెలన్నీ ఇవే. తేడా ఏమిటంటే, మీ లైటు చాలాసార్లు చోటు కాదు, చెయ్యి: అరచేతిలో నలిపి తట్టే ఆ కదలిక. కాబట్టి మీ బదులు వస్తువు కూడా అలాగే అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకునేది కావాలి, సోంపు బాగా కుదురుతుంది. గమ్ డోసు మీ అంతట మీరు తేల్చుకోకుండా డాక్టరుని అడగండి, రోజంతా బుగ్గన పెట్టుకునేవాళ్ల ఒంట్లో నికోటిన్ ఎక్కువే ఉంటుంది. మానే ముందు అద్దం దగ్గర నిలబడి నోరు బాగా తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా పట్టించి చూడండి. పట్టకపోయినా, బుగ్గల లోపల తెల్లటి, ఎర్రటి మచ్చ రెండు వారాలు దాటి ఉన్నా, గమ్ కోసం మా దగ్గరికి రావడం తర్వాత, ముందు పళ్ల డాక్టరుకి చూపించండి.